బావ నోటి వాసన

ముందే ఒప్పుకుంటున్నాను: నా నోట్లో పడిన చీమ ఏనుగై బయటికి వస్తుంది. మా గోదావరిఖని ఎండల సంగతి అడిగితే, తారురోడ్డు చెప్పులను మింగి మనుషులను ఉమ్మేసేదని చెబుతాను. ఇదీ కాస్త జాగ్రత్తగానే వినండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గని దగ్గర హాజరు గదిలో గుమాస్తాను. తాగినవాడు కిందికి దిగితే పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తాడని, దిగేముందు ప్రతివాడి నోరూ వాసన చూసి పంపేవాడిని. ఎవడు ఏ దుకాణంలో, ఏ బెంచీ మీద కూర్చుని తాగాడో కూడా నా ముక్కు చెప్పేసేది. గనికి గనే దానికి దండం పెట్టేది.

ఒక మే నెలలో మొదటి షిఫ్టుకు మా అక్క మొగుడు వచ్చాడు. బొగ్గు నింపే కార్మికుడు. షుగరుకు రోజూ సూది వేసుకునేవాడు. ఆ రోజు రొప్పుతున్నాడు. నోరు తెరిస్తే మగ్గి చెడిన పండ్ల వాసన.

“తాగినవా బావా?”

“మీ అక్క మీదొట్టు బామ్మర్ది, చుక్క ముట్టలే. పానం బాగలేదు, గంతే.”

“ఒట్లు పెట్టి మా అక్కను చంపకు. పో, ఇంటికాడ పండుకో.”

ఇంట్లో అక్క మండిపడింది. “నా తమ్ముని ముక్కు అబద్ధమాడుతదా? బిందెడు నీళ్లు తాగినవ్, ఇంక నిషా దిగలే?” అని నిమ్మరసం తాగించి పడుకోబెట్టింది. సాయంత్రం లేపితే లేవలేదు. ఊపిరి మాత్రం కొలిమితిత్తిలా ఆడుతోంది.

దవాఖానలో అక్క ఏడుస్తూ చెప్పింది: “మూడు రోజులాయె జరం. తింటలేను కదా, సూది ఎందుకని బంద్ పెట్టిండు.”

కోస్తా నుంచి వచ్చిన డాక్టరు తల పట్టుకున్నాడు. “అది మందు వాసన కాదండీ. సూది లేకపోతే ఒళ్లు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. దాంతో రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఆ వాసన దానివల్లే. రక్తంలోని క్షారం కొంత విరుస్తుంది, మూత్రపిండాలు కొంత బయటికి పంపుతాయి. అవి చాలకపోతే ఊపిరే బొగ్గుపులుసు వాయువును తోడిపోసి రక్తాన్ని కాపాడాలి. అందుకే ఆ రొప్పు.”

గని మీద పెద్ద ఫ్యాను ఎందుకు తిరుగుతుందో నాకు తెలుసు: కింద చెడ్డగాలి నిండుతుంది కనుక. బావ ఒంట్లోని ఫ్యాను నా ముఖం మీదే తిరిగితే, నేను కల్లు దుకాణం వెతికాను.

రెండో రోజుకు ఆ ఫ్యాను ఆగిపోయింది.

అక్క ఇప్పటికీ అడుగుతుంది: “నువ్వు అడిగితే ఏమన్నడురా?” నీమీద ఒట్టు పెట్టాడని చెబుతాను. కళ్లు తుడుచుకుంటుంది.

ఎండను పెంచాను, ముక్కును పెంచాను. పూర్తిగా కల్పించింది మాత్రం బావకూ నాకూ నడిచిన ఆ మాటలే. ఆ పొద్దు వెనుక వరుస పొడుగ్గా ఉంది. నేను అడగనే లేదు. వాసన చూసి, పక్కకు జరగమని చెయ్యి ఊపాను. బావ ఏదో చెప్పబోయాడు. అప్పటికే నేను వెనుకవాణ్ని నోరు తెరవమంటున్నాను.