చెరిగిన క్యాసెట్

జనగామలో నేను పని నేర్చుకున్న ఒక అన్న పాత హోం కంప్యూటర్లు సేకరించి బాగుచేసేవాడు. టీవీకి తగిలించి, క్యాసెట్ నుంచి ప్రోగ్రాములు ఎక్కించే ఆ కాలపు యంత్రాలవి. ఏ క్యాసెట్ చేతికొచ్చినా ముందు దాని అంచునున్న ప్లాస్టిక్ ముక్కను గోటితో విరిచేవాడు. అది విరిగితే రికార్డు మీట పడదు, ఉన్నది చెరగదు.

నర్మెట్ట ఊరి నుంచి ఒక సారు తన కంప్యూటర్‌తో పాటు తెచ్చిన క్యాసెట్ దగ్గర మాత్రం అన్న తొందరపడ్డాడు. ఏళ్లుగా మూగబోయిన ఆ కంప్యూటర్ పలికిందన్న సంబరంలో, విరవడం మరచి, ప్లేతో పాటు రికార్డు మీట కూడా నొక్కాడు. సారు ఒకప్పుడు తన బిడ్డ కోసం రాసిన ఆట ప్రోగ్రాం చెరిగిపోయింది.

సారు వచ్చేసరికి అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేనే మాట అందుకున్నాను. “పాత టేపులల్ల అయస్కాంత శక్తి తగ్గుతది సార్. లైబ్రరీ పుస్తకంల చదివిన.”

“అట్లనా? పాతదాయె మరి,” అన్నాడు సారు.

“టేపు మంచిగనే ఉండె సార్,” అన్నాడు అన్న. “నేనే చెరిపిన.”

సారు బిడ్డకు ఫోన్ కలిపి అన్న చేతిలో పెట్టాడు.

“ఆట ఆడుదామని బిడ్డ బస్సెక్కింది. నువ్వే చెప్పు.”

అన్న చెమట చేతిని ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. “అక్కా...” అంటూ ఆగిపోయాడు. నేనంత గొప్పగా చెప్పిన పుస్తకం మాటను ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.