అవ్వ తోడిన చెలిమ

వేసవిలో మా వాగు పైకి కనిపించేది కాదు, ఇసుక కింద పడుకునేది. శంషాబాద్ దాటి మా ఊరికి వచ్చే బండ్ల బాట ఆ ఇసుకలోంచే పోయేది. పొద్దున్నే మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, నన్ను వెంటబెట్టుకుని అక్కడ కూర్చుని చేతులతో గుంట తవ్వేది. మోచేతి లోతుకు పోయేసరికి అడుగున తడి మెరిసేది. ఆ తడే మెల్లగా నీళ్లయ్యేది. దాన్నే చెలిమ అంటాం. ఊరిన నీళ్లను మూడుసార్లు తోడి పారబోసి, నాలుగోసారి ఊరేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. నాకప్పుడు పదేళ్లు. నోరు మూసుకోవడమంటే నాకు ప్రాణసంకటం. అయినా ఆ గుంటలోకి చూస్తుంటే, ఇసుక రేణువులు ఒక్కొక్కటే అడుగున కదులుతుంటే, నిద్రా కాదు మెలకువా కాదు, ఏదో హాయి కమ్ముకొచ్చేది. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే ఆ గుంటనే తలుచుకుంటాను.

మా ఊళ్లో పసిపిల్లలకు పట్టేది ఆ నీళ్లే, అదీ పచ్చివే. "ఇసుక కడిగిన నీళ్లకు మంటెందుకే బిడ్డా? కాగబెడ్తే బలం పోతది" అనేది అవ్వ. పురుళ్లన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి కనుక ఆమె మాటకు ఎదురు లేదు.

అవ్వకు ఒకే ఒక్క పగ ఉండేది, హిమాయత్‌సాగర్ మీద. నేను పుట్టకముందే ఆ కట్ట కట్టారు. ఆమె పుట్టింటివాళ్ల చేను, చిన్నప్పుడు ఆమె చెలిమలు తవ్విన వాగు రేవు, అన్నీ ఆ నీటి కిందికి పోయాయి. మా వాగు పోయి కలిసేదీ అందులోనే. అటు పోవలసి వస్తే అవ్వ బండిలో ముఖం తిప్పుకుని కూర్చునేది. అలగడంలో ఆమెను మించినవాళ్లు మా ఇంట్లో నేనొక్కదాన్నే.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో అక్కకు రెండో కాన్పు వచ్చింది. తొలి కాన్పు మా ఇంట్లో అయింది కనుక ఇది పట్నంలో, మూసీ ఒడ్డున బావ ఇంట్లో. అక్కకు అత్త లేదు. అందుకని అవ్వా నేనూ బండెక్కాం. దారిలో మైలార్‌దేవ్‌పల్లి అప్పుడు చేలూ బండలే. ఆ బండల మీద ఎండ, ఎద్దుల మెడలో గంటలు, అవ్వ ఒడిలో నా తల. పట్నం ఎప్పుడొచ్చిందో నాకు తెలియలేదు.

బావ నల్లా గొట్టాలు బిగించే పని చేసేవాడు. అడిగితే తప్ప మాట్లాడని మనిషి. వాళ్ల గల్లీ చివర నల్లా ఉండేది. అవ్వ దాన్ని చూసి మూతి విరిచింది. "గా ఇనుప గొట్టంల నీళ్లు ఎండ మొఖం సూడయి. అవి గూడ నీళ్లేనా?"

బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసే ముందు వాడికి చెలిమ నీళ్లు పట్టాలని అవ్వ పంతం. బిందె నా చంకకెత్తి మూసీలోకి దిగింది. ఎండాకాలం, పాయ సన్నగా పారుతోంది, పక్కన బోలెడంత ఇసుక. అవ్వ కొంగు బిగించి తవ్వింది. నీళ్లు ఊరాయి, అచ్చం మా వాగులో లాగే తేటగా. ఆమె పట్నం వచ్చాక నవ్వడం అదే మొదలు.

మూడుసార్లు తోడి నాలుగోసారికి ఎదురుచూస్తున్నప్పుడు నేను ఊరుకోలేక నాలుగడుగులు ఎగువకు నడిచాను. ఒడ్డున కొత్తగా లేచిన ఇళ్ల గోడ వెనక నుంచి ఒక మురుగు మోరీ నదిలోకి దిగుతోంది. నురగ, నీలిరంగు, వాసన. అది సరిగ్గా మా చెలిమ వైపుకే ఇసుకలో ఇంకిపోతోంది. నాకు అర్థమయింది. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ ఆ గుంటలోకి వంగి తనలో తాను నవ్వుకుంటోంది. ఎలా చెప్పను? పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోవలసిన చోట ఒక్కసారీ మూసుకోనిదాన్ని, ఆ రోజు మాత్రం మూసుకున్నాను.

అవ్వ ఉగ్గుగిన్నెతో బాబుకు పచ్చినీళ్లు పట్టింది. మర్నాటికి వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. దవాఖానకు పరుగెత్తాం. "ఏ నీళ్లు పట్టారు?" అని డాక్టరు అడిగాడు. అవ్వ తల ఎత్తి గర్వంగా చెప్పింది, "చెలిమ నీళ్లు." అప్పుడు నేను ఘొల్లుమన్నాను. "మోరీ నీళ్లు అవ్వా! నేను సూసిన. నువ్వు నవ్వుతుంటె చెప్పలే."

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. తన చేతులకేసి చూసుకుంటూ గోడవారగా కూర్చుండిపోయింది.

మూడు రోజులు మందుతోపాటు కాచి చల్లార్చిన నీళ్లు చెంచాతో పోస్తే వాడు బతికి బట్టకట్టాడు. నాలుగో రోజు పాలకు గుక్కపట్టి ఏడుస్తుంటే అక్క నవ్వింది, నేనూ నవ్వాను. అవ్వ మాత్రం బావను అడిగింది, "ఏడివయ్యా, వీన్ని బతికిచ్చిన నీళ్లు?"

"నల్లా నీళ్లే అవ్వా. హిమాయత్‌సాగర్‌ల నుంచి వస్తయి. మీ వాగు నీళ్లే గద, మీకు ఎరికే అనుకున్న."

అవ్వ లేచి గల్లీ చివరికి నడిచింది. నేను వెనకే పోయాను. నల్లా తిప్పి చేయి చాపింది. నీళ్లు ఆమె వేళ్ల మీదుగా పారాయి. "ఈడికొచ్చినవా తల్లీ," అంది, పుట్టింటి మనిషి కనబడినట్టు. దోసిలి పట్టి తాగింది. అక్కడినుంచి మూసీలోకి పోయే మోరీ వెంట కిందికి చూసింది. "గింత మంచిగ వచ్చినదాన్ని గట్ల జేసి తోలుతుండ్రా?" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు మళ్లీ వాగుకు పోయాం. అవ్వ గుంట తవ్వింది, మూడుసార్లు తోడింది. నాలుగోసారి ఊరేదాకా నేను కిక్కురుమనలేదు. అడుగున ఇసుక రేణువులు ఎప్పటిలాగే మెల్లగా కదిలాయి. మా వాగుకు ఎగువన ఏ మోరీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికొచ్చి అవ్వ పొయ్యి రాజేసింది. ఆ నీళ్లను మంట మీద పెట్టింది.