బ్లూస్ మీద నేను గెలిచిన వాదం

ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గర్లో మా తెలుగువాళ్లకు ఒక హాలు ఉండేది. రేకుల కప్పు, పుస్తకాలున్న రెండు బీరువాలు, ఒక వరస బెంచీలు. శ్రీకాకుళం తీరం నుంచి రేవు పనికి వచ్చినవాళ్లూ, నగరపాలక సంస్థలో పారిశుధ్యం పనీ నీళ్ల పనీ చేసేవాళ్లూ కలిసి కట్టుకున్న హాలు అది. అక్కడ ఏ తగువు వచ్చినా చర్చకు పెట్టి, చేతులెత్తించి తేల్చేవారు. ఆ చర్చకు ఒక నియమం ఉండేది. మాట్లాడేవాడు ముందు ఎదుటివాడి వాదాన్ని తన నోటితో చెప్పాలి. ఎదుటివాడు లేచి "అవును, నా మాట ఇదే" అనాలి. అంతవరకూ ఖండన మొదలుపెట్టడానికి వీల్లేదు.

ఈ పద్ధతి మా అధ్యక్షుడు పెట్టింది. ఆయన కాకినాడ వైపు నుంచి వచ్చిన బడిపంతులు, అప్పటికే రిటైరయ్యారు. అందరం మాస్టారు అనేవాళ్లం. వితంతు వివాహాల కోసం సభల్లో రాళ్లదెబ్బలు తిన్నవాళ్ల దగ్గర చదువుకున్న మనిషి. ఎదుటివాడి మాట సరిగ్గా చెప్పలేనివాడికి దాన్ని కొట్టే హక్కు లేదనేవారు. నేను ఆయన శిష్యుణ్ణి. నీటి సరఫరా విభాగంలో గుమాస్తాగా చేరి అప్పటికి నాలుగేళ్లు. దేవుడి మీద, జాతకాల మీద, కులం మీద హాలు గోడపత్రికలో రాసేవాణ్ణి. వాదంలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు.

వామపక్ష ప్రభుత్వం వచ్చి ఐదారేళ్లయింది. నగరంలో ఎక్కడ చూసినా అపసంస్కృతి అనే మాటే. పత్రికల్లో అదే, టీ దుకాణాల్లో అదే. మా హాల్లో ఆ మాట తగలడానికి సరిపడా మనిషి ఒకడున్నాడు. మా బావ.

బావ మా మేనమామ కొడుకు, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. రేవులో క్రేన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. మెటియాబ్రుజ్‌లో దర్జీల గల్లీలో ఒక గది తీసుకుని తల్లితో ఉండేవాడు. విదేశీ ఓడల్లో పనిచేసేవాళ్ల దగ్గర పాత రికార్డులు సంపాదించి, వాటిని విని విని గిటారు నేర్చుకున్నాడు. ఆ గల్లీలోనే బట్టలు కుట్టే దర్జీ ఒకతను డ్రమ్ములు వాయించేవాడు. వర్క్‌షాపులో తోటి ఫిట్టరు ఒకడు బేస్ గిటారు. ముగ్గురూ ఆదివారం మధ్యాహ్నాలు మా హాల్లో రాక్ అండ్ రోల్ సాధన చేసేవారు. వాళ్లకు మరో చోటు లేదు. గదిలో డ్రమ్ములు పెడితే మా అత్తకు కాళ్లు చాపుకోవడానికి జాగా మిగలదు.

"డప్పులుంటాయా, నేనుంటానా, తేల్సుకో" అని అత్త ఎప్పుడో చెప్పేసింది.

హాల్లో రాక్ వాయించకూడదని తీర్మానం పెట్టింది నేనే. అది సామ్రాజ్యవాదుల చెత్త సంగీతమని నా వాదం. అది నెగ్గితే బావకు చోటు పోతుందనీ, చోటు పోతే వాళ్ల ముగ్గురి వాయింపూ ఆగిపోతుందనీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మొదటి ఆదివారం లేచి నిలబడి నియమం ప్రకారం మొదలుపెట్టాను. "రాక్ సంగీతం యువకుల్లో ఉత్సాహం నింపుతుంది, అందుకని దాన్ని ఆపకూడదు. ఇదీ మా బావ వాదం."

బావ లేచాడు. "కాదు" అని కూర్చున్నాడు.

జనం నవ్వారు. మాస్టారు సభను వారం వాయిదా వేశారు. మరుసటి వారం ఇంకా గంభీరంగా వెళ్లాను. కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి, కళకు సరిహద్దులు ఉండవు, ఇదే అతని వాదం అన్నాను.

"అదీ కాదు."

"మరేటి బావా నీ వాదం? నువ్వు సెప్పవు, నన్ను సెప్పనివ్వవు!"

"నా వాదం నోట్లో నేదురా. రికార్డులో ఉంది. ఇంటికొచ్చి ఇను."

వెళ్లక తప్పలేదు. ఆ గల్లీలో అడుగుపెడితే రెండు వైపులా కుట్టుమిషన్ల మోత. బావ గదిలో మంచం మీద రికార్డ్ ప్లేయరు, కింద పీట మీద నేను. అత్త టీ ఇచ్చి, "ఇద్దరూ ఒక్కలాటోల్లే. ఒకడు వాయిస్తాడు, ఒకడు వాగుతాడు. బువ్వొండేది నేను" అని గుమ్మంలో కూర్చుంది.

ముందు ఇంగ్లండు కుర్రాళ్ల రికార్డు ఒకటి పెట్టాడు. అది నాకు తెలుసు, పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్ల ముందు నడిస్తే చెవిన పడే మోతే. తరవాత దాన్ని తీసి, అంచులు అరిగిన పాతది ఇంకొకటి పెట్టాడు. ఒక నల్లజాతి ముసలాయన పాట. ఒక్క గిటారు, ఒక్క గొంతు, నేలకేసి కొడుతున్న కాలి చప్పుడు. పాట అదే. అవే మాటలు, అదే బాణీ, సగం వేగం.

"తెల్సిందేటి?"

"రెండూ ఒకటే."

"ఏది ముందు?"

"ముసలాయనది."

"మరి సామ్రాజ్యవాదమంటావేటి? ఆయన సామ్రాజ్యం ఏటో సూసినావా? పత్తి సేను. అదీ ఆయనది కాదు."

గిటారు తీసి చూపించాడు. ముసలాయన ఒక పాదం పాడతాడు. అదే పాదం మళ్లీ పాడతాడు. మూడో పాదంలో దానికి జవాబు చెబుతాడు. పాదానికీ పాదానికీ మధ్య గిటారు బదులు పలుకుతుంది. ఈ మూడు పాదాల పొడవు పన్నెండు లెక్కలు, ఒక్కో లెక్కకు నాలుగు దెబ్బలు; కింద గిటారు మీద తిరిగే మెట్లు, అంటే కలిపి పలికించే స్వరాల గుంపులు, మూడే మూడు. రాక్ అండ్ రోల్ పాటల్లో సగానికి ఎముకలు ఇవే. ఇక స్వరం. గాంధారాన్ని కోమలానికీ శుద్ధానికీ మధ్య నిలిపి, తీగను వేలితో పక్కకు లాగుతాడు. ఆ లాగడం కూడా ఇంగ్లండు కుర్రాళ్లు వదల్లేదు.

"సెప్పిందే మళ్లీ సెప్పి, అప్పుడు జవాబు" అన్నాడు బావ. "మీ మాస్టారి రూలే కదేటి? ఆల్లు మనకన్నా ముందే పెట్టీసుకున్నారు."

అప్పుడే కరెంటు పోయింది. రికార్డు తిరుగుడు మందగించి ముసలాయన గొంతు లోతుకు లోతుకు దిగిపోయి ఆగింది. పక్క షాపుల్లో కాలితో తొక్కే మిషన్లు మాత్రం ఆగలేదు. "ధుర్! కరెంటు తీసీసినాడు, ముఖ్యమంత్రి జ్యోతిబాబు కూడా నీ పక్షమేరా" అని డ్రమ్ములు వాయించే దర్జీ యాసను అనుకరించబోయి, "కాదులే, ఆయన పేరు తీస్తే మళ్లీ తీర్మానం పెడతావు" అన్నాడు.

అలా మూడు వారాలు వెళ్లాను. బావ చెప్పినదాన్ని చెప్పినట్టు నమ్మడం నా పద్ధతి కాదు. భవానీపూర్‌లో ఒక గ్రంథాలయంలో కూర్చుని దొరికినంత చదివాను. అతను చెప్పిన దారి నిజమే. అమెరికా దక్షిణాన బానిసల మనవలు పొలాల్లో పాడుకున్న పాట, పేరు బ్లూస్. పని కోసం వాళ్లు రైళ్లెక్కి ఉత్తరాది నగరాలకు పోతే వెంట పోయింది. అక్కడ సారాకొట్ల గోలలో వినపడక గిటారుకు కరెంటు తగిలించారు. దాని వేగం పెంచితే రాక్ అండ్ రోల్. ఆ రికార్డులు సముద్రం దాటి ఇంగ్లండు చేరాక అక్కడి కుర్రాళ్లు మా బావలాగే విని విని నేర్చుకున్నారు.

ఇదంతా విని మా యూనియన్ నాయకుడొకాయన ఉప్పొంగిపోయాడు. "అరే దాదా, మనోల్లు తాడు లాగినప్పుడు పాడే హైలెస్సా కూడా ఇదే కదా! ఒకడు అంటే అందరూ అనడం!" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పోలిక వేరు, ప్రభావం వేరు. బరువు లాగేవాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా వంతపాటే పాడతారు, శ్వాస కలవాలి కాబట్టి. అంతమాత్రాన చుట్టరికం కలిపేసుకోవడం పురాణం చెప్పేవాళ్ల పని. ప్రభావం ఉందంటే ఏ చెవి నుంచి ఏ చేతికి ఎలా వచ్చిందో దారి చూపించాలి. బావ చూపించాడు, నేను సరిచూసుకున్నాను. ఇప్పటికీ ఈ విషయంలో నా మాట మారలేదు.

ఐదో ఆదివారం హాలు నిండింది. బావ వాదాన్ని నేను చెప్పాను. రాక్ అనేది కంపెనీ పుట్టించింది కాదు. దాని వెన్నెముక బ్లూస్, బ్లూస్ కూలివాళ్లది. కనుక కూలివాళ్లు కట్టుకున్న హాల్లో దానికి చోటుండాలి. మూడు పాదాలు, పన్నెండు లెక్కలు, లాగిన గాంధారం, రైళ్లు, ఓడలు, ఏదీ వదల్లేదు. ముగించాను. బావ మెల్లగా లేచాడు.

"అవును, నా మాట ఇదే" అన్నాడు. అతని ముఖంలో గెలిచేశాననే ధీమా కనిపించింది.

అప్పుడు ఖండన మొదలుపెట్టాను. "ఇతని మాట ప్రతి అక్షరం నిజం. అందుకే ఇతను ఓడిపోవాలి. ఆ పాట పొలంలో పుట్టింది. రాక్ పుట్టింది ఎక్కడ? ఆ పాటను ఎత్తుకుపోయినవాళ్ల ఇంట్లో. పాడినవాడు పేదవాడిగానే పోయాడు, ఎత్తుకుపోయినవాడు విమానాల్లో తిరుగుతున్నాడు. ప్రభావం అని ఇతను ముద్దుగా అంటున్నదానికి అసలు పేరు దొంగతనం. దొంగసొత్తుగా పుట్టినదానికి మన హాల్లో చోటు లేదు."

చప్పట్లు మోగాయి. చేతులెత్తమంటే మూడు తప్ప అన్నీ నా వైపు లేచాయి. మాస్టారు ఓటు వేయరు. ఫలితం చదివి కూర్చున్నారు.

బావ గిటారు సంచీలో పెట్టుకున్నాడు. దర్జీ డ్రమ్ములు ఒక్కొక్కటే విప్పి రిక్షాలోకి ఎక్కిస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"నా మాట నాకన్నా బాగా సెప్పినావురా" అన్నాడు బావ. "పీక కూడా బాగా కోసినావు."

"వాదం వాదమే బావా. నీ మీద కోపమేటీ నేదు."

"కోపముంటే బాగుండును" అని రిక్షా వెంట నడిచాడు.

ఆ తరవాత కొన్ని నెలలు ఆదివారాలు హాల్లో నిశ్శబ్దంగా చదువుకున్నాం. గోడపత్రికకు కులం మీద ఒక వ్యాసం రాసి మాస్టారికి చూపించాను. ఒక మనిషి ఎక్కడ పుట్టాడన్నది అతని విలువను తేల్చదు. అతను ఏమి చేస్తాడన్నదే తేలుస్తుంది. ఈ వాక్యం కింద ఆయన వేలు పెట్టారు.

"ఇది ఆ రోజు సభలో ఎక్కడ దాచుకున్నావు?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. "అది మనిషి గురించి, ఇది పాట గురించి."

"పుట్టిన ఇంటిని బట్టి తోసేయడం తప్పని నువ్వంటున్నావు. పుట్టిన ఇంటిని బట్టే నువ్వు తోసేశావు. దొంగతనం చేసినవాళ్లెవరో నువ్వే చెప్పావు. మీ బావ వాళ్లలో ఒకడా?"

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"అధ్యక్షుడు మాట్లాడకూడదు. అదీగాక, నా నియమంలో ఒక లోపముంది. నువ్వు అతని మాట తిరిగి చెప్పావు. నీ మాట నీకు తిరిగి చెప్పినవాడు లేడు."

పాట హక్కుదారులకు అన్యాయం జరిగిందన్న మాట నిజమే. దాన్ని నేను వెనక్కి తీసుకోను. కానీ ఆ నేరానికి శిక్ష అనుభవించింది రేవులో ఫిట్టరు, గల్లీలో దర్జీ. శిక్ష వేసింది తెలివైన వాక్యం. ఆ వాక్యం తప్పని నేను ఖండన మధ్యలో ఉండగానే నాకు కొంత తెలుసు. చప్పట్లు వస్తాయని తెలిసి ఆగలేదు.

తీర్మానం రద్దు చేయమని నేనే మళ్లీ సభ పెట్టించాను. నా పాత వాదాన్ని నా నోటితోనే చెప్పి, దాన్ని కొట్టాను. ఈసారి చప్పట్లు పెద్దగా లేవు. చేతులు మాత్రం చాలినన్ని లేచాయి. బావ సభకు రాలేదు.

కబురు చెప్పడానికి నది దాటి షాలిమార్ వెళ్లాను. గూడ్సు యార్డు పక్కన ఖాళీగా పడున్న గోదాములో వాళ్లు వాయించుకుంటున్నారని అత్త చెప్పింది. లోపల ముగ్గురూ ఉన్నారు. వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే మోతలో వాళ్ల మోత బయటికి సరిగ్గా వినిపించడమే లేదు.

"తీర్మానం కొట్టేశారు బావా. మళ్లీ రావచ్చు."

"ఎవులు కొట్టేశారు?"

"నేనే పెట్టించాను."

"అంటే మీరు వొద్దంటే ఎల్లిపోవాల, రమ్మంటే వచ్చీయాలన్నమాట." గిటారు మీంచి తల ఎత్తలేదు. "ఇక్కడ మమ్మల్ని ఎవుడూ ఏటీ అడగనేదు. ఈ పాట ఎక్కడిది, దీని తాత ఎవుడు, ఏటీ అడగనేదు. యార్డులో కూలోడొకడు తాళం తీసి ఇచ్చినాడు, అంతే."

"తప్పు నాదే. రాకపోతే హాలు..."

"హాలుకేటి, బెంచీలున్నాయి కదా."

దర్జీ కర్రలు పట్టుకుని మా ఇద్దరినీ చూస్తూ నవ్వాపుకుంటున్నాడు. "అరే దాదా, ఈయన వాంగ్మూలం అయ్యాక చెప్పండి, మొదలెడదాం" అన్నాడు హిందీలో.

"ఉంటానంటే ఉండు" అన్నాడు బావ నాతో. "మాటాడకూడదు. మద్దెలో లేసి వాదమేటీ పెట్టకూడదు."

సరేనన్నాను. గోనెల మీద కూర్చున్నాను. ముసలాయన పాట మొదలుపెట్టారు, ముందు ఆయన వేగంలో, తరవాత కుర్రాళ్ల వేగంలో. రెండో దాంట్లో బావ ఒకచోట తప్పు మెట్టు పట్టుకుని, ఆపి, మళ్లీ అక్కణ్ణించే ఎత్తుకున్నాడు. ఎక్కడ తప్పాడో నాకు తెలిసింది. చెప్పలేదు.

వాళ్లు హాలుకు ఎప్పుడూ తిరిగి రాలేదు.