జైనాబీ విరగ్గొట్టిన గడియ

పర్చూరు పక్క మిరప కళ్లాల్లో జైనాబీకి ఉన్న మర్యాద బడి పంతులుగారిక్కూడా లేదు. కూలివాళ్లలో చదవడం వచ్చింది ఆమెకొక్కదానికే మరి. తొడిమలు తీసేటప్పుడు ఆమె వారపత్రికలో కథలు చదివేది. ఆమె కూలి పోకుండా, వింటున్న ఆడవాళ్లు తలా గుప్పెడు తీసిన కాయలు ఆమె బుట్టలో వేసేవాళ్లు.

ఆమె ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. ఎవరైనా జాలిపడితే కస్సుమనేది. "మచ్చలు నావి, ఏడుపు మీకెందుకు?"

యాభై ఎనిమిది మార్చిలో ఆ పత్రికలో ఓ పాత విదేశీ కథ తెలుగులో వచ్చింది. పాడుబడ్డ మేడ. కోడలికి స్ఫోటకం వస్తే పైగదిలో పడేసి బయట గడియ వేస్తారు. లోపల్నుంచి తలుపు గీరుతున్న చప్పుడు. వింటున్న వాళ్ల చేతులు ఆగిపోయాయి.

"గడియ వెయ్యక ఏం చేస్తారే? నలుగురున్న కొంప," అంది గురవమ్మ. "ఆ మచ్చల మొహం తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఇట్టాంటివి చదివితే అమ్మవారికి కోపమొస్తుంది. ఇక చదువులొద్దు."

గురవమ్మ చేతిలో గుప్పెడు కాయలు జైనాబీకి వెయ్యకుండా తన బుట్టలోనే వేసుకుంది. మిగతావాళ్లూ తలలు దించారు. తొమ్మిదో ఏట జైనాబీకి అమ్మవారు పోసినప్పుడు ఊరివాళ్లు గొడ్లపాకలో పడేసి తడిక కట్టేశారు. ఆ తడిక పీకి లోపలికొచ్చి పక్కన పడుకుంది వాళ్లమ్మ ఒక్కతే.

గురవమ్మ వద్దన్నా, జైనాబీ మళ్లీ పత్రిక తీసింది. గొంతు పెంచింది. కథలో కోడలు రోకలి పుచ్చుకుని గడియ విరగ్గొట్టింది. మెట్లు దిగి, అత్త ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. "ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంది.

పక్కనే నిలబడి వింటున్న కళ్లం ఆసామి చెంచురామయ్య పకపకా నవ్వాడు. పత్రిక ఆయనదే. "ఏమ్మా, పొద్దున నేను చదివానుగా? తలుపు తీసేసరికి ఆ పిల్ల ఎముకలే ఉంటాయి. ఆ దేశంలో రోకలెక్కడిది?"

"రాసినాయన తలుపు బయట కూర్చుని రాశాడండీ," అంది జైనాబీ. "నేను లోపల ఉండి వచ్చాను."

గురవమ్మే నెమ్మదిగా అడిగింది. "ఇంతకీ అత్త అన్నం పెట్టిందా?"

"నువ్వు చెప్పు గురవమ్మత్తా. నువ్వైతే పెడతావా?"

"పెట్టక చస్తానా!" అని గుప్పెడు కాయలు తీసి జైనాబీ బుట్టలో వేసింది.

జైనాబీ పేజీ తిప్పలేదు. "ఇందాకటిది కూడా వెయ్యి."