సంచి ముందు, మేము వెనక

హిందూపురం నుంచి ధర్మవరానికి పాసింజరు బండిలో మూడు గంటల ప్రయాణం. మాకు ఒక పగలు, ఒక రాత్రి, పైన మరో పూట పట్టింది. తప్పు రైలుది కాదు. మా చిన్నాయన సంజీవప్పతో ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని, దారికి బొరుగులు కొంచెం ఎక్కువే కట్టుకోవడం మంచిది.

వెళ్లిన పని చిన్నదే. చిన్నాయన కూతురు రుక్మిణి పెళ్లి ఆదివారం. ముహూర్తం చీర ధర్మవరంలో మగ్గం మీద ఉంది. మా చిన్నమ్మ బతికి ఉండగా, కూతురికి సంబంధం కుదరక ముందే, తానే వెళ్లి వంకాయరంగు పట్టునూలు ఏరి నేతగాడు నారాయణప్పకు చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఆమె పోయింది. యుద్ధం వచ్చి పట్టు దొరకడం కష్టమై నేత ఆలస్యమైంది. చీర సిద్ధమని కార్డు వచ్చింది పెళ్లికి ఆరు రోజుల ముందు. మంగళ, బుధవారాలు ఉత్తర దిక్కుకు వారశూల, అటు పోగూడదు కాబట్టి చిన్నాయన కదలలేదు, గురువారం వస్తామని జాబు రాశాడు. శనివారం పెళ్లికూతురిని చేసేనాటికి చీర ఇంట్లో ఉండాలి. అమ్మ ఏరిన చీర తప్ప వేరేది కట్టనని రుక్మిణి ముందే చెప్పేసింది. తోడు పొమ్మని ఇంట్లోవాళ్లు నన్ను పంపారు. నేను బడిపంతులును, శకునాలు నమ్మనివాణ్ణి. అందువల్ల పనికొస్తానని వాళ్ల ఆశ.

గురువారం ఉదయం ఏడుకు బండి. మంచి గడియ మాత్రం తెల్లవారుజామున నాలుగుకు ఉంది. ఇలాంటప్పుడు మనిషికి బదులు సంచిని బయలుదేరదీస్తారు. మంచి గడియలో సంచిని పక్కింట్లో పెట్టి వస్తే ప్రయాణం మొదలైనట్టే. చిన్నాయన అలాగే పెట్టి వచ్చి హాయిగా పడుకున్నాడు. ఆరున్నరకు వెళ్లి చూస్తే పక్కింటి బసప్ప తలుపుకు తాళం! పరిగిలో చుట్టాలింటికి పోతున్న పెళ్లాం పిల్లలను బండి ఎక్కించడానికి పోయాడట.

"సంచి పోతే పోనీ చిన్నాయనా, బండికి వేళయింది," అన్నాను.

"పంచాంగం దాంట్లోనే ఉండాదిరా!"

పంచాంగం లేకుండా ఆయన అడుగు తీసి అడుగు వేయడు. తొమ్మిదికి బసప్ప వచ్చాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపడ్డాడు. "మీ సంచికి ఏమీ కాకుండా బీగం ఏసి మరీ పోతిని కదప్పా!" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి దారి లేకపోయింది.

పదింటికి పెనుకొండ పోయే బొగ్గు బస్సు ఎక్కాము. పెట్రోలు కరువు రోజులవి, బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. బస్సు వెనక కుంపటి లాంటి డబ్బా, ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. సగం దారిలో మిట్ట ఎక్కలేక బస్సు నిలిచిపోయింది. అందరం దిగి తోశాం. "పొద్దున టెంకాయ కొట్టలే, అందుకే," అన్నాడు డ్రైవరు. తోస్తున్నవాళ్లలో రొద్దం ఊరి రైతు ఒకాయన బొగ్గు చేతిలోకి తీసుకుని చూసి, "టెంకాయ కతేమో గానీ, ఇది తడిసిండాదప్పా," అన్నాడు. నాకు ఆ మనిషి నచ్చాడు.

రెండున్నరకు పెనుకొండ చేరాము. కొండ నీడ వాలిన వైపు కూచుని రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి తిన్నాము. నాలుగింటికి ధర్మవరం బండి. చిన్నాయన కిటికీలో చేయి పెట్టి టికెట్లు అందుకుంటూ ఉండగా లోపలి గుమాస్తా తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. ఒంటి తుమ్ము చెరుపు, జంట తుమ్ము మేలు అని శాస్త్రం.

"ఇంగోసారి తుమ్ము సామీ," అని చిన్నాయన బతిమాలాడు.

"నా చేతుల్లో యాముండాదప్పా?" అన్నాడు గుమాస్తా.

చిన్నాయన మొలలో నుంచి పొడుం డబ్బీ తీసి ఇచ్చాడు. గుమాస్తా రెండు ముక్కులకూ పట్టించి, బాగుందని మెచ్చుకుని, ఇంకొంచెం పట్టించాడు. పొడుం అలవాటున్న ముక్కు అది, చలించలేదు. ముగ్గురం ఆ ముక్కు వైపు చూస్తుండగానే బండి వచ్చింది, పోయింది. నేను చేయి పట్టి లాగినా చిన్నాయన కదలలేదు. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాము. నాకు నిజంగా కోపం వచ్చింది, నా చాప దూరంగా లాక్కున్నాను.

శుక్రవారం అమావాస్య. అమావాస్య నాడు ఎలా బయలుదేరుతావని ఉదయం అడిగాను. "బయలుదేరింది నిన్న కదరా. ఇది నడిమధ్య," అన్నాడు. బండి మక్కాజిపల్లి దాటాక ఆయనే నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"మీ చిన్నమ్మను ఆసుపత్రికి తీసకపోయేటప్పుడు అన్నీ చూసే పోయినా. వారం, గడియ, శకునం. అయినా పాయె."

"మరి ఇప్పుడెందుకు చూడటం?"

"ఆ పొద్దు ఏదో ఒకటి చూడక ఇడిసింటాను. అందుకే ఇప్పుడు ఏదీ ఇడవను."

కిటికీలో నుంచి చెనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాను.

పదకొండుకు ధర్మవరం దిగాము. నేతవీధి నిశ్శబ్దంగా ఉంది. ఒక్క మగ్గమూ ఆడటం లేదు. నారాయణప్ప మంచం మీద పడుకుని విసురుకుంటున్నాడు. చీర మగ్గం మీదే ఉంది, జానెడు నేత మిగిలి ఉంది.

"నిన్న వస్తారని సాయంత్రం దాకా చూసినా. మీరొచ్చినాక మీ కండ్లెదురుగా ముగించి కోద్దామని ఆపితిని. ఈపొద్దు అమాస. మగ్గం ముట్టుకోము. రేపు రాండి."

రేపు హిందూపురం వైపు పాసింజరు లేదు, మిలిటరీకి ఇచ్చేశారు. ఈ సాయంత్రం నాలుగున్నర బండే దిక్కు.

అప్పుడు మా చిన్నాయన నోటి నుంచి నేను కలలో కూడా ఊహించని మాటలు వచ్చాయి. "ఏమప్పా, ఈ కాలంలో కూడా అమాస ఏంది? నూలుకేం తెలుసు తిథి? సూర్యుడు ఈపొద్దు పుట్టలేదా?" ఇరవై ఏళ్లుగా నేను ఆయనకు చెప్పినవన్నీ ఒక్కటీ మరచిపోకుండా వరసగా అప్పజెప్పాడు. ఇంత శ్రద్ధగా వింటున్నాడని నాకు తెలియదు.

నారాయణప్ప తల్లి, ముసలవ్వ, గడపలో కూచుని అంతా విని, "మా మామ కాలం నుంచి అమాసకు ఆడని మగ్గం నాయనా," అంది. నెలంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూచునేవాళ్లకు ఆ ఒక్క రోజే నడుము వాల్చే రోజని నాకు తోచింది. తోచినా ఏం లాభం? రుక్మిణి ముఖం గుర్తొచ్చి దిగులేసింది. చిన్నాయన మగ్గం దగ్గరికి పోయి వంకాయరంగును వేలితో తాకకుండా చూస్తూ నిలబడ్డాడు.

అవ్వ ఆయనను చూసింది. "అమాస ఎంతసేపుండాదో చూడరా," అంది కొడుకుతో.

చిన్నాయన పంచాంగంలో సాయంత్రం ఆరు దాకా ఉంది. నారాయణప్ప ఇంటి పంచాంగంలో రెండు గంటలకే అయిపోతోంది. చిన్నాయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లుగా కొంటున్న తన పంచాంగాన్ని మూసి సంచి అడుక్కు తోశాడు.

"మీదే సరైంది," అన్నాడు.

రెండింటికి నారాయణప్ప మగ్గానికి మొక్కి గుంటలో దిగాడు. మూడున్నర దాటాక అవ్వ పసుపు, కుంకుమ పెట్టింది, చీర కోశారు. మేము పరుగులాంటి నడకతో బండి అందుకున్నాము. దారిపొడుగునా చిన్నాయన చీర మూటను ఒళ్లోంచి దించలేదు. చిల్లర శకునాలు చాలానే ఎదురై ఉంటాయి, ఆయన తలెత్తి చూడలేదు.

ఏడున్నరకు హిందూపురం. ఇంటి ముందుకు వచ్చాక పాత బుద్ధి మేలుకుంది. ఎనిమిదింబావు దాకా వర్జ్యమట, చీర లోపలికి తేగూడదట. అరుగు మీద కూలబడ్డాము. లోపలి నుంచి రుక్మిణి లాంతరు పట్టుకుని వచ్చింది.

"చీర లోపలికి రాగూడదు సరే నాయనా. నేను బయటికి రాగూడదని యాడన్నా ఉండాదా?"

మూట తనే విప్పింది. లాంతరు దగ్గరగా జరిపి రంగు చూసింది. తర్వాత మడత ఎత్తి ముఖానికి ఆనించుకుంది. ఆనించుకుని తుమ్మింది.

ఒంటి తుమ్ము.

శకునాలు నమ్మని నా గుండె ఝల్లుమంది. ఇంకోటి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను, రాలేదు. చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"కొత్త గంజి వాసన. తుమ్ము రాక ఏమొస్తాది?" అన్నాడు. చీరను రెండు చేతులా ఎత్తుకుని, ఎనిమిది కూడా కాకముందే, గడప దాటి లోపలికి తీసుకుపోయాడు.