గునుగు గంపకు కట్టిన బిళ్ల

బొగ్గుబాయిలో ల్యాంపు రూం సూపర్‌వైజరుగా చేరిన ఏడాది, వానలు తగ్గుముఖం పట్టగానే వరండాలో వేలాడే పూలగంపలు పెట్టాలనుకున్నాను. అలాంటివి పాత మేనేజరు బంగ్లాలో చూశాను. మా క్వార్టరు ముందు నేలంతా బొగ్గుపొడి, రాళ్లు. కింద ఏదీ బతకదు. పైన దూలానికి మాత్రం మూడు కొక్కేలున్నాయి.

డిప్లొమా చదివిన అలవాటు కొద్దీ ముందు నోటుబుక్కు తెరిచి, మొక్కకు ఉండాల్సిన లక్షణాలు రాసుకున్నాను. ఆకు నున్నగా ఉండాలి. నూగు ఉంటే దాని మీద కూర్చున్న బొగ్గుపొడి కడిగినా పోదు. వేరు జానెడు లోతు మించకూడదు. దసరా నుంచి చలి ముదిరేదాకా పూయాలి. బంతిని కొట్టేశాను, తల బరువుకు గాలిలో విరుగుతుంది. చామంతి ఆకుకు నూగు. చివరికి నాచుపూలు, బచ్చలితీగ నిలిచాయి. మూడో గంపకు ఏదీ తేలలేదు.

పక్క క్వార్టరులో ఒక ముసలమ్మ, ఆమె చిన్నకొడుకు ఉండేవాళ్లు. అతను బాయిలో బొగ్గు నింపేవాడు. పెద్దకొడుకు నేను రాకముందే లోపల పైకప్పు కూలి చనిపోయాడని విన్నాను. ఇనుపతాడు పోగులతో అల్లిన గంపలో నేను గోనెపట్టా పరుస్తుంటే ముసలమ్మ పిట్టగోడ మీదుగా చూసి నవ్వింది.

"ఏం సారూ, కోళ్లను కమ్ముతవా?"

"పూలచెట్లు పెడ్తనవ్వా. ఒక్కదాంట్లకే ఏం పెట్టాల్నో సమజైతలేదు."

"గునుగు పెట్టరాదు. రాళ్లల్ల గూడ మొలుస్తది."

"గునుగు బతుకమ్మల పెడ్తరు గని గంపల పెడ్తరా?"

"నీ గంప, నీ ఇష్టం బిడ్డా. ఎండినా రంగు పోదని చెప్పిన."

నోటుబుక్కు తీసి సరిచూశాను. ఆమె చెప్పింది అన్ని లక్షణాలకూ సరిపోయింది. చేనుగట్టు మీది లేత మొక్కలు తెచ్చి, ఎర్రమట్టి రెండుపాళ్లు, ఇసుక ఒకపాలు, పెంట ఎరువు ఒకపాలు కలిపి నాటాను. పొడుగు పెరగకుండా కొసలు గిల్లాను.

గుర్తుకోసం కట్టిన కాగితం చీటీలు రెండు జల్లులకే నానిపోయాయి. ల్యాంపు రూంలో నెంబర్లు మార్చినప్పుడు తీసేసిన పాత ఇత్తడి బిళ్లలు ఒక డబ్బాలో పడి ఉన్నాయి. మూడు తెచ్చి గంపలకు కట్టి, నెంబరు ఎదురుగా మొక్క పేరు, నాటిన రోజు రాసుకున్నాను. గునుగుకు నాలుగు వందల పన్నెండు వచ్చింది.

బిళ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. బాయి దిగేముందు ప్రతి మనిషీ నెంబరు చెప్పి, తన బిళ్ల ఇచ్చి బత్తి, అంటే గనిలోకి పట్టుకెళ్లే దీపం, తీసుకుంటాడు. బిళ్లను బోర్డు మేకుకు తగిలిస్తాం. పైకి వచ్చాక బత్తి ఇచ్చి బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. మేకుకు బిళ్ల వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. "బత్తి లేంది బిళ్ల లేదు" అని ఆ కిటికీలోంచి నేను రోజుకు పదిసార్లు అనేవాణ్ని.

గంపలు వేలాడదీసిన మర్నాటి నుంచి పక్కింటి పెరట్లో పొగ లేవడం మొదలైంది. పొద్దుటి షిఫ్టు దిగే మధ్యాహ్నం మూడింటి సైరన్ మోగే వేళకు ముసలమ్మ కాగు నిండా నీళ్లు కాగబెట్టేది. చిన్నకొడుకుదీ నాదీ ఆ వారం రాత్రి షిఫ్టు, అతను లోపల నిద్రపోతుండేవాడు. సైరన్ ఆగగానే ఆమె వచ్చి గునుగు గంప కింద నిలబడేది. పైనుంచి నీళ్లు తలమీద చుక్కలుగా పడుతున్నా కదిలేది కాదు. మూడు రోజులు ఇదే నోటుబుక్కులో రాశాను. నాలుగో రోజు రాయడానికి చెయ్యి రాలేదు. ఎవరో నా వరండాలోకి రాబోతున్నట్టు, నేను అడ్డంగా కూర్చున్నట్టు అనిపించేది.

చిన్నకొడుకు నన్ను గోడ దగ్గర ఆపాడు. "సారూ, అన్న పోయినంక ఏడాది దాకా, షిఫ్టు దిగి తానానికి వస్తడని మా అవ్వ గిట్లనే నీళ్లు కాగబెట్టింది. మానేసింది. మల్ల సురువైంది. పరేషాన్ అయితుంది. మీ గంప కింద ఏముందో జర మీరే అడుగుండ్రి."

మర్నాడు సైరన్ ఆగాక అడిగాను.

"ఏం జూస్తున్నవవ్వా?"

"పెద్దోడు బాయిల నుంచి ఇంక ఎక్కిరాలే బిడ్డా. గా బిళ్ల వానిదే. చింతపండు వెట్టి నేనే తోముతుంటి. అంచుకు నొక్కుంటది సూడు, రోకలి తాకింది."

తిప్పి చూశాను. నొక్కు ఉంది.

"బత్తి బండ కింద నలిగింది," అంది. "బిళ్ల అడుగవోతే బత్తి తెమ్మన్నరు."

నా కిటికీలో నాకంటే ముందు కూర్చున్న మనిషి అన్న మాట అది. నేనున్నా అదే అనేవాణ్ని. తీగ విప్పడానికి చెయ్యి ఎత్తాను.

"ఆగు! ఊకె ఇయ్యకు. బత్తి లేంది బిళ్ల ఇస్తరా? ఊకె ఇస్తే వాడు ఎక్కొచ్చినట్టా?"

లోపలికి పోయి ఇంట్లో వెలిగించుకునే కందీలు దీపం తెచ్చింది. పిట్టగోడకు అవతల నిలబడి, రెండు చేతులతో నా ముందుకు చాచి అంది.

"నాలుగు వందల పన్నెండు."

కందీలు అందుకున్నాను. అలవాటుగా గాజు చూశాను, ఒత్తి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బిళ్ల విప్పి ఆమె చేతిలో పెట్టాను. కొంగున ముడి వేసుకుని ఇంట్లోకి పోయింది. "లెవ్వురా, నీళ్లు సల్లారుతున్నయి, తానం జెయ్యి" అని చిన్నకొడుకును లేపడం వినిపించింది.

మర్నాడు సైరన్ మోగింది. పొగ లేవలేదు.

చలి ముదిరేసరికి గునుగు ఎండింది. ఆమె చెప్పినట్టే రంగు పోలేదు. నోటుబుక్కులో దాని నెంబరు కొట్టేసి, ఇంకోటి వెయ్యలేదు.

కందీలు ఆమె తిరిగి అడగలేదు. తిరిగి వచ్చిన బత్తిని తుడిచి, నింపి, తర్వాతి షిఫ్టుకు సిద్ధంగా పెట్టడం మా ల్యాంపు రూం పద్ధతి. తుడిచాను. నూనె మాత్రం పోయలేదు.