వాసన చూసి చెప్పక్కా

మా వీధిలో ఆ వాసన ఏ రోజు మొదలైందో నాకు తెలియదు. దసరా అయ్యాకే అని పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంటాడు, కాదు, అంతకు ముందు నుంచే అని ఇంటి ఓనరు భార్య అంటుంది. నేను ఎవరి పక్షమూ కాదు. నాకు వాసనలు తెలియకుండా పోయి అప్పటికే మూడేళ్లు దాటింది. కరోనా జ్వరం వారంలో తగ్గింది, రుచి సగం తిరిగొచ్చింది, వాసన మాత్రం రాలేదు. వస్తుందిలెండి అన్నాడు డాక్టరు. రెండోసారి వెళ్లినా అదే మాట. మూడోసారి వెళ్లడం నేనే మానేశాను.

ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పే వీలు లేదు మరి. నేను ఇంట్లో పొడులూ పచ్చళ్లూ చేసి అమ్ముతాను. బెంగళూరు మారతహళ్ళి ఫ్లాట్లలో, పీజీల్లో ఉండే మనవాళ్లు చాలామందికి కందిపొడి, కరివేపాకు కారం, గోంగూర పచ్చడి నా దగ్గర నుంచే వెళతాయి. చేసే మనిషికి ముక్కు పనిచేయదని తెలిస్తే ఎవరు కొంటారు? అందుకని కంటితోనూ చెవితోనూ నెట్టుకొస్తున్నాను. కందిపప్పు రంగు చూసి దించుతాను. పోపు వేస్తే ఆవాల చిటపట ఎప్పుడు తగ్గుతుందా అని చెవి మూకుడు మీదే పెడతాను. ఆఖరికి మా ఆయన ఆఫీసుకు బయలుదేరే ముందు ప్రతి డబ్బా మూతా తీసి వాసన చూడాలి. ఆయన సరే అంటేనే అది గడప దాటుతుంది. "పొద్దున్నే ఇంగువ పీల్చే మొగుణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే" అని గొణుగుతాడు కానీ ఒక్కరోజూ మానలేదు.

మాది చిన్న బిల్డింగు. మొదటి అంతస్తులో ఓనరు, ఆయన భార్య. రెండో దాంట్లో మేము. మా పైన ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కింద పార్కింగు పక్కన ఒకే ఒక్క గది. అందులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఒకమ్మాయి, పక్షవాతం వచ్చి మంచం పట్టిన వాళ్లమ్మ ఉండేవాళ్లు. ఊరు మడకశిర దగ్గర. పలకరిస్తే నవ్వడం, లేకపోతే తల వంచుకుని పోవడం తప్ప ఆ అమ్మాయితో ఎవరికీ పేచీ లేదు.

పొద్దున చెత్త ఆటో పాట పెట్టుకుంటూ వస్తే అందరం బకెట్లు పట్టుకుని గేటు దగ్గర చేరతాం. వాసన మీద చర్చలన్నీ అక్కడే. ఓనరు వాళ్లు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్లే. ఆయనకు వెనక అపార్ట్‌మెంటు వాళ్లతో కాంపౌండు గోడ తగాదా ఉంది. "ఇది వాళ్ల పనే అప్పా. గలీజు నీళ్లన్నీ మన గోడ కిందికే వదిలిండారు" అనేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కార్పొరేషన్ మీద కోపం. "రాజకాలువ అక్కా ఇది, పక్కా. ఐదింటికి గాలి అటు నుంచి మారుతుంది, యాప్‌ల చూసిన" అని రాజకాలువ మీద, అంటే మా వీధి చివరి పెద్ద మురుక్కాలువ మీద నేరం మోపేవాడు. ఏ గంటకు ఎంత వాసన వచ్చిందో ఫోన్లో రాసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు కూడా. ఓనరు భార్య "ఎవురో ఎండుచేపలు కాలస్తా ఉండారు" అంటూ ఓరగా నా వైపు చూసేది. మాది కోస్తా అని ఆవిడకు తెలుసు. నాకు ఒళ్లు మండేది. వాసన ఒకటే గానీ, ఎవరికి ఎవరి మీద కోపముంటే అటు నుంచే వచ్చేది.

నేను పక్కవాళ్లను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని, వాళ్లు దించితే దించేదాన్ని. అబ్బ, భరించలేకపోతున్నామండీ అని అందరికంటే గట్టిగా అనేదాన్ని. నటన అలవాటైతే అంత కష్టమేమీ కాదు.

ఒకరోజు ఓనరు అందరినీ ఆగమని నా వైపు తిరిగాడు. "మనం సుమ్నే, ఊరికే మాట్లాడతా ఉండాం. నువ్వు చెప్పమ్మా. పొడులు చేసే చెయ్యి నీది, నీ ముక్కు తప్పు చెప్పదు. ఏం వాసన ఇది?"

జలుబు చేసిందండీ అంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీశాను. చల్లగాలి లోపలికి వెళ్లింది, అంతే. పక్కనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి "రాజకాలువే కదక్కా?" అన్నాడు. నా కరివేపాకు కారంలో ఉప్పెక్కువైందని వారం కిందటే గ్రూపులో పెట్టిన మనిషి.

"కాదు. ఇది మురుగు మోరీ వాసన కాదు" అన్నాను. "బయటిది కాదండీ ఇది. ఏదో లోపలిదే."

అంత నమ్మకంగా చెప్పాను. ఆ మాటతో వీధి వెతకడం మానేసి బిల్డింగు వెతకడం మొదలుపెట్టారు. సంపులో నీళ్లన్నీ తోడించి కడిగించారు. పైపులు దిగే సందులో మనిషిని దింపారు. చచ్చిన ఎలకైనా, పందికొక్కైనా కనిపిస్తే బాగుండేది. ఏమీ దొరకలేదు. ఓనరు భార్య నా వంటింటి అలమరా దాకా వచ్చి, మంచినీళ్లు తాగి, ఎండుచేపల ఊసు ఎత్తకుండా దిగిపోయింది.

ఇక మిగిలింది కింది గది.

ఆ మాట మొదట ఎవరన్నారో నాకు గుర్తులేదు. పాపం అన్న మాటతో మొదలైంది. పాపం, మంచంలోనే అన్నీ కదా. పాపం, ఆ పిల్ల పొద్దున పోతే సాయంత్రం గానీ రాదు కదా. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి బకెట్‌తో గేటు దగ్గరికి వస్తే అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. నేనూ వేశాను. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పాడట. "చెడ్డగా చెప్తా లేనమ్మా, నలుగురుండే ఇల్లు కదా ఇది" అన్నాడట.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, ఒక్కసారి కిందికి వస్తావా? పొద్దున సాయంత్రం అమ్మను తుడస్తాండా. గుడ్డలు మారస్తాండా. నాకైతే ఏం వాసనా రాలేదు. కానీ నేను రోజూ ఆడనే ఉంటాను గదా, నా ముక్కు అలవాటు పడిపోయిందేమో. నువ్వు వాసన చూసి చెప్పక్కా. నీ ముక్కంటే అందరికీ గురి. ఉంటే ఉందని చెప్పు, ఏమనుకోను, పోతాను. లేకుంటే మేము యాలకు పోవల్ల? ఇంత తక్కువ బాడుగకు, ఫ్యాక్టరీ బండి ఇంటి ముందరే ఆగే చోట నాకు ఇంకో రూము దొరకదక్కా."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. వీధి గ్రూపులో ఇరవైమంది, వాళ్లలో సగం మంది నా డబ్బాలు కొనేవాళ్లు, ఈ పిల్ల ఓనరుతో అంటే, ఓనరు భార్య వీధంతా అంటే... ఇంత లెక్క వేసుకుని, చెప్పులేసుకుని ఆమె వెనకే దిగాను.

గది అద్దంలా ఉంది. నేల ఇంకా తడి ఆరలేదు. దుప్పటి అంచులు లాగి పరుపు కిందికి దోపి ఉన్నాయి. ముసలావిడ తల దువ్వి గట్టిగా జడ వేసి ఉంది. ఆవిడకు మాట పడిపోయింది కానీ చెవులు బాగానే పనిచేస్తాయి. నేనెందుకు వచ్చానో ఆవిడకు తెలుసు. కదిలే చెయ్యి ఒక్కటే, దాన్ని డాక్టరుకు చాపినట్టు కొద్దిగా పైకెత్తి నాకు అందించింది.

నేను వంగాను. మెడ దగ్గర, జుట్టు దగ్గర, చంక దగ్గర, నడుము కింది దుప్పటి దగ్గర ముఖం పెట్టి ఊపిరి తీశాను. ఒకచోట తొందరగా లేస్తే అనుమానం వస్తుందని ఇంకాసేపు ఉన్నాను కూడా. ఏమీ తెలియలేదు. మల్లెపూలు పెట్టినా తెలియదు, పేడ పెట్టినా తెలియదు. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"ఏమీ లేదమ్మా" అన్నాను. "ఏ వాసనా లేదు."

ఆ అమ్మాయి నేల మీద కూలబడి ఏడ్చింది. అబద్ధమైతే చెప్పలేదు కదా, నాకు ఏ వాసనా రాలేదు కదా అని మెట్లెక్కుతూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం మా ఆయన్ని అడిగాను. గేటు దగ్గర వస్తోంది, పార్కింగులో వస్తోంది, ఎక్కణ్ణుంచో తెలియదన్నాడు. కింది గది ముందో అంటే, "అక్కడ ఫినాయిల్ వాసన. దాని కింద ఏముందో నాకేం తెలుసు?" అన్నాడు. ఒక్కసారి లోపలికెళ్లి చూసి రమ్మన్నాను. "మంచంలో ఉన్న ఆడమనిషి దగ్గరకెళ్లి నేను ముక్కు పెట్టనా? నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

మర్నాడు పొద్దున గేటు దగ్గర గొంతులు లేచాయి. ఎప్పుడూ తల వంచుకుని పోయే అమ్మాయి ఓనరు ముందు తలెత్తి నిలబడి ఉంది. "పైనక్క వచ్చి చూసింది. మా అమ్మ మీదికి వంగి చూసింది. ఏ వాసనా లేదంది. మేము యాడికీ పోము" అంటోంది. ఓనరు తలెత్తి నన్ను పిలిచాడు. చేతిలో గరిటె ఉంది, దానితోనే దిగాను.

"నిజమేనామ్మా?"

"నిజమేనండీ."

"అంత వాసన ఈమెకు రాలేదా?" అంది ఓనరు భార్య.

ఓనరు నన్ను అదోలా చూశాడు. "సరే. ఇప్పుడు ఈడ ఏమన్నా వాసన వస్తా ఉండాదా, లేదా? అది చెప్పు."

నేను అలవాటు ప్రకారం అందరి ముఖాలూ చూశాను. తగాదాలో పడి ఎవరూ ముక్కుకు ఏమీ అడ్డం పెట్టుకోలేదు.

"ఇప్పుడేమీ లేదండీ" అన్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మెల్లగా, "అక్కా, చెత్త ఆటో పక్కన్నే ఉన్నం కదా. మీకు నిజంగనే వస్తలేదా?" అన్నాడు. తిరిగి చూస్తే ఆటో వెనక తలుపు తీసి ఉంది. నాలుగు వీధుల తడి చెత్త, నా మోచేతికి జానెడు దూరంలో.

ఇక దాచడానికేముంది. నాకు మూడేళ్లుగా వాసనలు తెలియవండీ అన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు, నేను ఆ అమ్మాయిని చూడలేకపోయాను. "మోరీ కాదని నేను ఆ రోజు అన్నానే, అది కూడా నమ్మొద్దండీ. అది ఊరికే అన్నాను" అన్నాను. రెండుసార్లు అన్నాను.

"అదంతా ఇప్పుడెందుకమ్మా" అన్నాడు ఓనరు.

ముసలావిడ దగ్గర వాసన లేదన్న నా మాట ఆ నిమిషమే కొట్టుకుపోయింది. మోరీ కాదన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. అది నేనన్నదని కూడా అందరూ మరిచిపోయారు.

నెలాఖరు దాకా వాళ్లు ఆగలేదు. హెబ్బగోడిలో ఫ్యాక్టరీ వాళ్లుండే లైనులో ఏదో గది దొరికిందట. లగేజీ ఆటోలో మంచం ఎక్కించి, ముసలావిడను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి కూర్చోబెట్టారు. నేనూ కుర్చీ కాలు ఒకటి పట్టాను. ఆ అమ్మాయి కోపంగా లేదు. తిట్టినా బాగుండేది.

"ముందే చెప్పింటే ఇంకొకర్ని అడిగేదాన్ని గదక్కా" అంది.

తర్వాత జరిగింది చెబితే నవ్వొస్తుంది, నాకు రాలేదు. నా పొడులు మానేసినవాళ్లు ఒక్కరూ లేరు. వాసన తెలియకుండానే ఇంత బాగా చేస్తారా అని కొత్తవాళ్లు ఆర్డరిచ్చారు. ఏ భయంతో అన్నాళ్లూ నోరు మూసుకున్నానో అది అసలు లేనే లేదు. కింది గదికి రంగులు వేయించారు. రెండు వారాల పాటు వాసన పోయిందన్నారు. మూడో వారం గేటు దగ్గర మళ్లీ కొంగులు ముక్కుల మీదికి లేచాయి. మా ఆయన్ని అడిగాను. "అదే వాసన. ఏం మారలేదు" అన్నాడు. ఇప్పుడు బోరు నీళ్లలో ఏదో ఉందంటున్నారు.

ఆ రోజే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మంచి కబురు చెబుతున్నాననే అనుకున్నాను. వాసన ఇంకా వస్తోందమ్మా, మీ అమ్మది కాదు, అందరూ అంటున్నారు అని గబగబా చెప్పాను.

"ఈడికొచ్చినప్పట్నుంచి దినానికి మూడుసార్లు నీళ్లు పోస్తాండానక్కా అమ్మకు. సలికి వణకతాది. వద్దని సెయ్యి అడ్డం పెడతాది. అయినా పోస్తాండా. ఈడ కూడా ఎవురన్నా అంటే ఇంగ యాడికి పోయేది?"

వద్దమ్మా, ఆపెయ్, జబ్బు చేస్తుంది, ఆవిడ దగ్గర ఏమీ లేదు, నా మాట విను అన్నాను. బతిమాలాను.

"నీకు తెలీదు గదక్కా" అంది మెల్లగా. నిష్ఠూరం కాదు, ఉన్న మాటే చెప్పింది. తర్వాత, "పెట్టేస్తానక్కా, నీళ్లు కాగినాయి" అంది.